మా దగ్గర వద్దంటే రాంపూర్‌కు పోతుంది

హనుమకొండలో మా కాలనీ కమ్యూనిటీ హాలు పక్కన చాలాకాలంగా తాళం వేసి ఉన్న గది ఒకటుంది. పాడైన ట్యూబ్‌లైట్లు, అయిపోయిన సెల్లులు, గడువు దాటిన మందులు, పెయింట్ డబ్బాలు, పురుగుల మందు సీసాలు, ఇలా ఇళ్లలోంచి వచ్చే ప్రమాదకర చెత్తను తీసుకునే కేంద్రం ఆ గదిలో పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ మాట పడ్డ సాయంత్రమే అందరూ వద్దనడం మొదలుపెట్టారు. క్యాన్సర్ వస్తుందని ఒకరు, వాసనకు ఉండలేమని ఒకరు, ప్లాట్ల రేట్లు పడిపోతాయని ఇంకొకరు. పిల్లలు ఆడుకునే చోటు కదా అని చాలామంది. మీటింగు పెట్టారు. కేకలేమీ లేవు, అందరం ఏళ్ల తరబడి ఒకరికొకరం తెలిసినవాళ్లమే. చివరికి సంఘం పెద్దలు మధ్యేమార్గంగా ఒక మాట చెప్పారు. అంతగా పెట్టాలనుకుంటే కాలనీ చివర నాలా ఒడ్డున ఖాళీ జాగ ఉంది, అక్కడైతే ఇళ్లు లేవు, అక్కడ పెట్టుకోమందామన్నారు. అందరూ సరేనన్నారు.

నేను ఒప్పుకోలేదు. కేంద్రం రావాలి, ఆ గదిలోనే రావాలి, నాలా ఒడ్డున మాత్రం అసలు రాకూడదు అన్నాను. మీటింగులో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ వాదన మా కాలనీతో ఆగేది కూడా కాదు. ఇవాళ మా దగ్గర, రేపు కాజీపేటలో, కరీమాబాద్‌లో, ఎల్లుండి కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఇదే గొడవ వస్తుంది.

ముందు ఏ సరుకు గురించి మాట్లాడుతున్నామో చూడాలి. మా ఇంట్లో అమ్మకు షుగర్. ఇన్సులిన్ సూదులు వారం వారం పోగవుతాయి. ఆమె బీపీ మాత్రల డోసు మారినప్పుడల్లా పాత స్ట్రిప్పులు సగం సగం మిగిలిపోతాయి. బాత్‌రూమ్ అటక మీద గేటుకు వేయగా మిగిలిన పెయింటు, సగం యాసిడ్ సీసా, అయిపోయిన దోమల మందు రీఫిళ్లు ఉన్నాయి. బీరువా వెనక ఒక ట్యూబ్‌లైటు నిలబెట్టి ఉంది. ఎల్ఈడీ పెట్టించినప్పుడు తీసిన పాతది, ఎక్కడ పారెయ్యాలో తోచక అక్కడే ఉండిపోయింది. టీవీ రిమోట్ సెల్లులు, ఉబ్బిపోయిన పాత ఫోను బ్యాటరీ సొరుగులో ఉన్నాయి. ఇవి లేని ఇల్లు మా కాలనీలో ఒక్కటి కూడా ఉండదు. ఊళ్లో పొలం ఉన్నవాళ్లయితే, మా దగ్గర సగం మంది అలాంటివాళ్లే, స్కూటర్ డిక్కీలోనో మెట్ల కిందనో గడ్డిమందు, పత్తికి కొట్టే పురుగుల మందు కూడా పెట్టుకుంటారు.

ఇన్వర్టర్ బ్యాటరీ మాత్రం ఎవరి ఇంట్లోనూ మూలన పడి ఉండదు. అందులో సీసం ఉంది, దానికి ధర ఉంది. కొత్తది కొంటే పాతదానికి ఇంత తగ్గిస్తారు, లేదంటే పాత సామాను కొనేవాళ్లు వచ్చి డబ్బులిచ్చి మరీ పట్టుకుపోతారు. ట్యూబ్‌లైటుకు ధర లేదు. సూదికి లేదు, గడువు దాటిన మాత్రకు లేదు. ధర లేని విషాన్ని మార్కెట్ ముట్టుకోదు. అందుకే దాన్ని తీసుకోవడానికి ప్రజల డబ్బుతో నడిచే చోటు ఒకటి ఉండాలి. ఈ కేంద్రం ఎందుకు కావాలన్నదానికి నా మొదటి జవాబు ఇదే.

ఆ చోటు లేనప్పుడు ఏమవుతోందో రోజూ పొద్దున చూస్తున్నాం. స్వచ్ఛ ఆటో వస్తుంది. మా వీధికి వచ్చే అక్క తడి చెత్త ఒకవైపు, పొడి చెత్త ఒకవైపు వేయిస్తుంది. ఎవరైనా రెండూ కలిపి ఒకే కవర్లో కట్టి ఇస్తే, బండి వెనక తలుపు మీద కవరు బోర్లించి చేత్తోనే వేరు చేస్తుంది. గ్లౌజు ఉంటుంది, కాని బట్టది, బొటనవేలి దగ్గర చిరిగినది. ఒకసారి ఆ బొటనవేలు చూపించి, "సూదులుంటే ముందే చెప్పుర్రి మేడం, పాల ప్యాకెట్లల్ల చుట్టి ఇయ్యకుర్రి" అన్నది. కోపంగా అనలేదు. రోజూ చెప్పే మాటను మళ్లీ చెప్పినట్టే చెప్పింది. ఎవరి ఇంటి సూదో, ఎవరి రక్తమో తెలియకుండా గుచ్చుకున్న మనిషికి ఎన్ని నెలలు టెన్షన్ ఉంటుందో మీటింగులో ఎవరూ మాట్లాడలేదు. అప్పటినుంచి అమ్మ సూదుల్ని మూత గట్టిగా పట్టే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేస్తున్నాం. డబ్బా నిండాక దాన్ని ఎవరికివ్వాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ట్యూబ్‌లైటుదీ అదే కథ. సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చి, బండిలోనే ఎక్కడో పగులుతుంది. ఒక్కో సీఎఫ్ఎల్ బల్బులో, ట్యూబ్‌లైటులో ఉండేది కొన్ని మిల్లీగ్రాముల పాదరసమే. ఒకటి పగిలితే కొంపేమీ మునగదు. ఇంట్లో పగిలినప్పుడు పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, పది నిమిషాలు గదిలోకి పోకుండా ఉండాలి. చీపురుతో ఊడవకూడదు, ఆవిరి ఇంకా లేస్తుంది. గట్టి అట్టముక్కతో పెంకులెత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది తీసి, మూత ఉన్న గాజు సీసాలో వెయ్యాలి. ఈ మాత్రం జాగ్రత్త చాలు. కాని నగరంలోని వేల ఇళ్ల ట్యూబ్‌లైట్లు ఒకే గుట్టలో పగిలితే ఆ పాదరసం గాల్లోకి, వాన నీళ్లలోకి, చెరువు అడుగు బురదలోకి చేరుతుంది. అక్కడ బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తాయి. అది చేపల ఒంట్లో పేరుకుంటుంది. పాదరసానికి కుళ్లిపోవడం లేదు, కాలి బూడిదైపోవడమూ లేదు.

ఆ గుట్ట ఎక్కడుందో వరంగల్‌లో అందరికీ తెలుసు. మడికొండ, రాంపూర్ పక్కన. వరంగల్, హనుమకొండ, కాజీపేట, ఈ మూడు పట్టణాల చెత్త ఏళ్ల తరబడి అక్కడికే పోతోంది. ఎండాకాలం అంటుకుంటే పొగ రోజుల తరబడి ఊళ్ల మీదే ఉంటుంది. ఆ ఊళ్లవాళ్లు ధర్నాలు చేశారు, బండ్లు ఆపారు, దగ్గు మందులు వాడారు. వాళ్ల ఇళ్ల పక్కన ఎప్పుడూ చిన్న గది ప్రతిపాదన రాలేదు, నేరుగా గుట్టే వచ్చింది. మనం 'మా దగ్గర వద్దు' అన్న సూదీ, సెల్లూ, పురుగుల మందు డబ్బా ఆవిరైపోవు. మన గేటు ముందే ఆటో ఎక్కి, చెత్త బదిలీ కేంద్రం మీదుగా రాంపూర్ చేరతాయి. ఇక పాత గుట్టను తవ్వి జల్లెడ పట్టి మట్టిని వేరు చేసే బయోమైనింగ్ ఉంది. ఆ గుట్టలో కలిసిన భారలోహాలు జల్లెడలో ఆగవు, మట్టితోపాటే బయటికొస్తాయి. మట్టి పనికొచ్చేదీ లేనిదీ అక్కడ పోసినదాన్ని బట్టే ఉంటుంది. మా కాలనీ మీటింగులో రాంపూర్ పేరు ఒక్కసారి కూడా రాలేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది అదే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే ఇళ్లనుంచి చెత్తను మూడు రకాలుగా వేరు చేసి ఇవ్వాలని రాశారు. తడిది, పొడిది, ఇంటి ప్రమాదకర వ్యర్థం. ఆ మూడోదాంట్లో ఏమేమి వస్తాయో కూడా వరసగా రాశారు. పెయింట్ డబ్బాలు, పురుగుల మందు డబ్బాలు, సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లు, గడువు దాటిన మందులు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, వాడేసిన బ్యాటరీలు, సూదులు, సిరంజీలు. వీటిని తీసుకోవడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు, లేదా అందులో భాగానికి, ఒక కేంద్రం పెట్టి ఏ వేళల్లో తీసుకుంటారో ప్రకటించే బాధ్యతను ఆ నియమాలు స్థానిక సంస్థ మీద పెట్టాయి. గ్రేటర్ వరంగల్ విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది. అంటే ఇరవైకి పైగా కేంద్రాలు. 66 డివిజన్లలో దాదాపు మూడు డివిజన్లకు ఒకటి. ఈ లెక్క చూస్తే 'మా దగ్గరే ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మీ దగ్గరే కాదు, అందరి దగ్గరా ఉండాలి. ఇరవై ఉన్నప్పుడు ఒక్కోదాంట్లో పోగయ్యే సరుకు చిన్న గదిలో పడుతుంది. ఊరంతటికీ ఒక్కటే పెడితే అదే ఇంకో రాంపూర్ అవుతుంది.

ఇదే వరంగల్ 2012 అక్టోబరులో క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ పేరుతో వారం రోజుల్లో ఇంటింటి చెత్త సేకరణను, తడి పొడి వేరు చేయడాన్ని గాడిలో పెట్టింది. ఇతర పట్టణాల మున్సిపల్ సిబ్బంది వందల మంది వచ్చి వీధుల్లో తిరిగి పని నేర్చుకున్నారు. అప్పుడు రెండు డబ్బాలు అలవాటు చేసుకున్న ఊరు మూడోది అలవాటు చేసుకోలేదంటే నేను నమ్మను. ఇండోర్‌లో ఆరు రకాలుగా వేరు చేసి ఇస్తున్నారు.

ఇప్పుడు స్థలం సంగతికి వస్తాను. మా వాళ్ల వాదన అంతా దూరం మీద నిలబడింది. ఇళ్లకు ఎంత దూరముంటే అంత మేలు అని. చెత్తగుట్టల విషయంలో ఆ మాట సరైనదే, 2016 నియమాల్లోనూ ల్యాండ్‌ఫిల్ చెరువుకు 200 మీటర్లు, నదికి 100 మీటర్లు దూరముండాలని, ఇళ్లకు, పార్కులకు, తాగునీటి బావులకు 200 మీటర్ల లోపు రాకూడదని రాశారు. ల్యాండ్‌ఫిల్‌లో చెత్త శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి ఆ దూరాలు. సేకరణ కేంద్రంలో సరుకు మూత బిగించిన డబ్బాల్లో కొన్నాళ్లుండి వెళ్లిపోతుంది. దాన్ని ల్యాండ్‌ఫిల్‌తో కలిపి చూడటం వల్లే ఇంత భయం. ఇక్కడ చూడాల్సింది దూరం కాదు, ఎత్తు.

2020 ఆగస్టు గుర్తుందా? వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. 2023 జులైలో మళ్లీ అదే. హంటర్ రోడ్డు మునిగింది, ఎన్టీఆర్ నగర్ మునిగింది, భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. చెరువులు మత్తడి దుంకితే ఆ నీళ్లు పోయే దారి నాలాలే. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువుల మీద బతికిన ఊరు ఇది. ఒక చెరువు నిండి కిందిదానికి, అది నిండి ఇంకా కిందిదానికి. ఆ దారుల మీద మనం ఇళ్లు కట్టుకున్నాం, ఇప్పుడు మిగిలిన నాలా ఒడ్డున పురుగుల మందు డబ్బాలు పెట్టమంటున్నాం. వడ్డేపల్లి, భద్రకాళి, ధర్మసాగర్ చెరువులు మనం తాగే నీళ్లు. ఒక్క రాత్రి కుండపోత వానకు ఆ షెడ్డులోకి మోకాలి లోతు నీళ్లొస్తే గడ్డిమందు, యాసిడ్, మందు బిళ్లలు అన్నీ కలిసి ఎవరి ఇళ్లలోకి పోతాయి? నాలాకు దిగువన ఉన్న బస్తీల్లోకి. అక్కడ ఇళ్లు లేవని మా పెద్దలన్నారు. నాలా ఒడ్డున లేకపోవచ్చు, నాలా పొడుగునా ఉన్నాయి.

కమ్యూనిటీ హాలు గది రోడ్డుకన్నా మూడు మెట్లు ఎత్తులో ఉంది. 2020లోనూ 2023లోనూ అక్కడికి నీళ్లు రాలేదు, 2020లో కింది వీధుల వాళ్లు వచ్చి తలదాచుకున్నది ఆ హాల్లోనే. సిమెంటు గచ్చు ఉంది, పైన రేకులు కాదు స్లాబు ఉంది. బండి గుమ్మం దాకా వస్తుంది. పదిమంది కళ్లముందు ఉంటుంది కాబట్టి అర్ధరాత్రి ఎవరో వచ్చి బయట పారబోసిపోయే అవకాశం తక్కువ. కంటికి దూరంగా ఉన్న చోటే చెత్త కుప్పలు ఎలా మొలుస్తాయో ఏ కాలనీ చివరికి పోయినా కనిపిస్తుంది.

అయితే గది మంచిదన్నంత మాత్రాన కళ్లు మూసుకుని సంతకం పెట్టమనడం లేదు. స్థలాన్ని పరిశీలించడం అంటే అడగాల్సినవి అడగడం. నాకు అన్నిటికన్నా పెద్ద భయం బండి రాకపోవడం. తెచ్చి ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉంటారు, తీసుకుపోయేవాళ్లు రాకపోతే మూడు నెలల్లో ఆ గది నిజంగానే మా వాళ్లు భయపడుతున్న గోదాము అవుతుంది. ఇక్కడి సరుకు చివరికి పోవాల్సింది హైదరాబాద్ శివారు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం లాంటి చోటికి. అంత దూరం ఒక్కో కేంద్రం నుంచి నాలుగు డబ్బాల కోసం లారీ రాదు. నగరంలోని కేంద్రాలన్నిటినీ కలుపుకుంటూ వచ్చే బండి, దానికి ఒప్పందం, ఆ ఒప్పందానికి డబ్బు ఉండాలి. గదికి రంగు వేసే ముందే ఆ కాగితం చూపించమని అడగాలి.

రెండోది నిప్పు. ఉబ్బిన ఫోను బ్యాటరీని నొక్కినా, గుచ్చినా అంటుకోవచ్చు. పెయింటు, థిన్నర్ పక్కన దాన్ని పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లిథియం బ్యాటరీలు విడిగా ఇసుక ఉన్న డబ్బాలో, కొసలకు టేపు వేసి పెట్టాలి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒక అరలో పెట్టకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కాబట్టి తీసుకునే మనిషికి ఏది దేనితో కలపకూడదో నేర్పించాలి, మందపాటి గ్లౌజులు, కళ్లద్దాలు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఉండాలి. చెత్త బండి మీది అక్కను తెచ్చి అదే బట్ట గ్లౌజుతో ఇక్కడ కూర్చోబెడితే గుచ్చుకునే చోటు మారుతుందే తప్ప గుచ్చుకోవడం ఆగదు.

వాసన, ట్రాఫిక్ గురించి ఎక్కువ చెప్పను. మూత ఉన్న డబ్బాలకు వాసన ఉండదు, పెళ్లి ఉన్న రోజు హాలు ముందు నిలిచే కార్లతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. పెళ్లి రోజున కేంద్రం మూసి ఉంచితే సరిపోతుంది.

మీటింగులో ఒక సారు మంచి ప్రశ్న వేశారు. బ్యాటరీలు, బల్బులు అమ్ముకున్న కంపెనీలే కదా వెనక్కి తీసుకోవాలి, మన కాలనీ ఎందుకు మొయ్యాలి అని. ఆయన మాటలో న్యాయముంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు, ఈ-వ్యర్థాల నియమాలు ఆ బాధ్యత తయారీదార్ల మీదే పెట్టాయి, పాదరసం ఉన్న దీపాలు కూడా అందులో ఉన్నాయి. కాని కంపెనీ మా ఇంటి సొరుగు దాకా వచ్చి రెండు సెల్లులు అడిగి పట్టుకుపోదు. ఎక్కడో ఒకచోట పోగైతేనే తీసుకుపోతుంది. ఆ పోగయ్యే చోటే ఇది. ఇంకొకరు మొబైల్ వ్యాన్ తిప్పితే చాలదా అన్నారు. వ్యాన్ రావాలి, నడవలేని పెద్దవాళ్లకు అదే మేలు. అయితే ఆ వ్యాన్ కూడా సాయంత్రం ఎక్కడో దించాలి కదా.

పురుగుల మందు డబ్బాల గురించి విడిగా ఒక మాట. నర్సంపేట, పరకాల వైపు పత్తి, మిర్చి చేలలో ఖాళీ డబ్బాలు గట్ల మీద, కాలువల్లో కనిపిస్తాయి. ఖాళీ డబ్బాలను మళ్లీ వాడకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పూడ్చాలని 1971 నాటి పురుగుమందుల నియమాలు చెబుతాయి. ఎంతమంది పూడుస్తున్నారు? కడిగి కిరోసిన్ పోసుకునేవాళ్లున్నారు, నీళ్లు పట్టుకునేవాళ్లూ ఉన్నారు. రైతు సరుకు తెచ్చి ఖాళీ బండితో తిరిగిపోయే చోటు ఏనుమాముల మార్కెట్. వచ్చేటప్పుడు ఆ డబ్బాలు కూడా తెచ్చి ఇచ్చేలా ఇరవై కేంద్రాల్లో ఒకటి ఆ మార్కెట్ యార్డులో ఉంటే, ఒక్క సీజనులో అక్కడ చేరేవి మా కాలనీలన్నిటికన్నా ఎక్కువ ఉంటాయి. పురుగుల మందు ఇంట్లో అందుబాటులో లేకపోతే క్షణికావేశంలో తాగే ప్రమాదం కూడా తగ్గుతుంది. పత్తి పండించే జిల్లాల్లో ఈ మాట ఎందుకు ముఖ్యమో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇంత చిన్న కేంద్రానికి చట్టప్రకారం బహిరంగ ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. ప్రమాదకర వ్యర్థాల పెద్ద శుద్ధి కేంద్రాలు కట్టేటప్పుడే 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ఆ ప్రక్రియ వస్తుంది. కాబట్టి మనకు మిగిలిన వేదిక వార్డు కమిటీలే. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు. యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు ఒక్కోటి, ఒక్కోదాంట్లో 15 మంది. ఒక డివిజన్‌లో అరవై మంది కూర్చుని స్థలం దగ్గరికి పోయి, గచ్చు చూసి, పోయిన వరదల్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడల మీది మరకలు చూసి రాయొచ్చు. చెత్త బండి అక్కనూ, రాంపూర్ నుంచి ఒక మనిషినీ పిలిచి వాళ్లు చెప్పేది కూడా వినొచ్చు. వాట్సాప్‌లో వద్దని బొటనవేలు కిందికి చూపించిన బొమ్మలు ఎవరి ఫైలులోకీ ఎక్కవు. కాగితం మీద రాసింది ఎక్కుతుంది.

నేను రాసి ఇచ్చాను. కేంద్రం కమ్యూనిటీ హాలు గదిలోనే పెట్టాలి, నాలా జాగను పరిశీలన నుంచే తొలగించాలి. సరుకు తీసుకుపోయే ఒప్పందం లేకుండా తెరవకూడదు. ఉద్యోగాలకు పోయేవాళ్లు తెచ్చి ఇచ్చేలా సాయంత్రాలు, ఆదివారం పూట తెరవాలి. ఒలికింది బయటికి పోకుండా ఆపేలా గడప దగ్గర గచ్చుకు అంచు కట్టాలి. వానాకాలం మొదలవక ముందే గది ఖాళీ చెయ్యాలి. ఫ్యాక్టరీలు ప్రమాదకర వ్యర్థాలను 90 రోజులకు మించి దాచుకోకూడదని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో ఉంది, అదే గడువు ఈ గదికీ పెట్టాలి. చివరిసారి బండి ఏ తేదీన వచ్చి సరుకు తీసుకుపోయిందో గది తలుపు పక్కన గోడ మీద, రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయాలి. 90 రోజులు దాటితే కొత్త సరుకు తీసుకోవడం ఆపి, తాళం చెవి వార్డు కమిటీ చేతికివ్వాలి.